మాటలు కావు, ఓట్లు చూడాలి
అమెరికా వలస సంస్కరణపై అభ్యర్థుల చిత్తశుద్ధి ఎంత?

(మా ప్రత్యేక ప్రతినిధి)

తెనాలి: అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు వచ్చాయంటే ఇక్కడి చెంచుపేటలోనూ, చుట్టుపక్కల పల్లెల అరుగుల మీదా చర్చ మొదలవుతుంది. డెల్టా పల్లెల్లో పిల్లలు అక్కడ, పెద్దలు ఇక్కడ ఉన్న కుటుంబాలకు కొదవ లేదు. ఎవరు గెలిస్తే మనవాళ్ళకు మేలు, ఎవరు మనవాళ్ళను మెచ్చుకున్నారు, ఎవరు దీపావళికి ప్రమిద వెలిగించారు అన్న లెక్కలు జోరుగా సాగుతాయి. అభ్యర్థి ప్రసంగంలో భారతీయుల ప్రస్తావన ఒక్క ముక్క వినిపిస్తే చాలు, ఇక గ్రీన్ కార్డు వచ్చేసినట్టే సంబరపడేవారూ ఉన్నారు.

కాని ప్రసంగాలు వేరు, చట్టాలు వేరు. గత ఇరవై ఏళ్ళలో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన ప్రముఖుల్లో వలస చట్టాన్ని బాగుచేస్తామని చెప్పనివారు అరుదు. వారు సభలో ఎలా ఓటు వేశారు, పదవి చేతికొచ్చాక ఏం చేశారు అన్నది పరిశీలిస్తే అసలు సంగతి బోధపడుతుంది.

కదలని వరుస

ముందుగా మన కుటుంబాలను పీడిస్తున్న చిక్కేమిటో చూద్దాం. ఇప్పటి పద్ధతికి పునాది వేసింది 1990 నాటి చట్టం. ఉద్యోగం ఆధారంగా ఏటా ఇచ్చే శాశ్వత నివాస కార్డులు సుమారు 1,40,000. భార్యలు, భర్తలు, పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఏ దేశం వారికైనా ఇందులో 7 శాతానికి మించి ఇవ్వరాదన్నది నియమం. అంటే ఏటా సుమారు 9,800. ఇతర దేశాల వారు వాడుకోనివి మిగిలితే మరికొన్ని కలుస్తాయి. చిన్న దేశానికీ 7 శాతమే, నూట నలభై కోట్ల జనాభాగల భారతదేశానికీ 7 శాతమే.

ఫలితం తెలిసిందే. 2024 నాటి పట్టికల్లో భారతీయుల ఒక ముఖ్య తరగతిలో 2012లో వేసుకున్న దరఖాస్తులకే మోక్షం లభిస్తున్నది. పన్నెండేళ్ళలో పెళ్ళిళ్ళవుతాయి, పిల్లలు పుడతారు, పెద్దవారవుతారు. ఇక్కడి నుంచి చంకనెత్తుకుని తీసుకెళ్ళిన బిడ్డకు 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నీడ సాధారణంగా పోతుంది. తనదారి తాను వెతుక్కోవలసిందే. ఇక్కడ తల్లికో తండ్రికో ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిన కొడుకు విమానం ఎక్కడానికి జంకుతాడు. వస్తే, మళ్ళీ ముద్ర పడి తిరిగి వెళ్ళేదాకా ఉద్యోగం నిలుస్తుందో లేదోనని భయం.

ఈ నియమాన్ని మార్చవలసింది అధ్యక్షుడు కాదు, శాసనసభ. 435 మంది గల ప్రతినిధుల సభ, 100 మంది గల సెనేట్ రెండూ ఒకే రూపంలో బిల్లును ఆమోదించాలి. సెనేట్‌లో చర్చ ముగించి ఓటింగుకు వెళ్ళాలంటే మామూలుగా 60 ఓట్లు కావాలి. ఈ 60 అన్న అంకె దగ్గరే అనేక వాగ్దానాలు బోల్తాపడ్డాయి.

ఒకే బిల్లు, ముగ్గురు అభ్యర్థులు

2008 ఎన్నికల బరిలో ప్రముఖంగా నిలిచిన జాన్ మెకెయిన్, హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా ముగ్గురూ అప్పటికి సెనేటర్లే. కాబట్టి ముగ్గురినీ ఒకే తక్కెడలో తూచే అవకాశం చిక్కింది.

రిపబ్లికన్ అయిన మెకెయిన్, డెమొక్రాట్ అయిన ఎడ్వర్డ్ కెన్నెడీతో చేయి కలిపి 2005లో వలస సంస్కరణ బిల్లు తెచ్చారు. అనుమతి పత్రాలు లేకుండా ఉంటున్నవారు జరిమానా కట్టి, క్రమంగా పౌరసత్వం పొందేందుకు దారి చూపడం అందులోని ముఖ్యాంశం. 2006 మే 25న సెనేట్ ఇదే తరహా బిల్లును 62–36 ఓట్లతో ఆమోదించింది. ముగ్గురూ అనుకూలంగానే ఓటు వేశారు. ప్రతినిధుల సభతో పొత్తు కుదరక అది చట్టం కాలేదు. అదే ఏడాది సెప్టెంబరులో మెక్సికో సరిహద్దున సుమారు 700 మైళ్ళ కంచెకు వీలు కల్పించే బిల్లు వచ్చినప్పుడూ ముగ్గురూ సరేనన్నారు.

2007లో మరో ప్రయత్నం జరిగింది. తాత్కాలిక కార్మికుల పథకం ఐదేళ్ళకే ముగిసిపోవాలన్న సవరణ 49–48 ఓట్లతో నెగ్గింది. ఈ సవరణకు ఒబామా, క్లింటన్ ఇద్దరూ ఓటు వేశారు. రాజీ కుదిర్చిన ఒప్పందాన్ని ఇది దెబ్బతీసిందని బిల్లును సమర్థించినవారిలో కొందరు ఆక్షేపించారు. జూన్ 28న చర్చ ముగింపు తీర్మానానికి 46 ఓట్లే పడి బిల్లు వీగిపోయింది. ఆ తుది ఓటింగులో ముగ్గురూ బిల్లు పక్షమే. డెమొక్రాట్లతో కలిసి కూర్చునే బెర్నీ శాండర్స్ మాత్రం వ్యతిరేకించారు. తాత్కాలిక కార్మికుల వల్ల స్థానికుల కూలి రేట్లు పడిపోతాయన్నది ఆయన వాదన. 2016లో ఆయన అధ్యక్ష పోటీకి దిగినప్పుడు క్లింటన్ వర్గం ఈ ఓటునే ఎత్తిచూపింది. అయితే 2013లో వచ్చిన బిల్లుకు ఆయన అనుకూలంగా ఓటు వేశారన్నదీ గమనించాలి.

ఇచ్చిన మాట ఏమైంది?

కష్టకాలంలో బిల్లు తెచ్చిన ఘనత మెకెయిన్‌ది. స్వపక్షంలోనే తిట్లు తిన్నారు. కాని 2008 జనవరిలో పార్టీ టిక్కెట్టు పోరు ముదిరినప్పుడు, తన బిల్లే ఇప్పుడు ఓటుకు వస్తే తాను ఓటు వేయనని, ప్రజలు ముందు సరిహద్దు భద్రత కోరుతున్నారని చర్చావేదికపై చెప్పారు. చిన్నతనంలో అమెరికా వచ్చిన యువతకు మేలుచేసే డ్రీమ్ బిల్లును ఒకప్పుడు బలపరచిన ఆయన, 2010 డిసెంబరులో దానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. 55 మంది కావాలన్నా 60 కాకపోవడంతో ఆ బిల్లు ఆగిపోయింది. కాగా 2013లో ఆయనే మళ్ళీ ముందుకు వచ్చారు. ఎన్నిక దగ్గరైతే వెనక్కి, దూరమైతే ముందుకు అన్నట్టు సాగింది ఆయన నడక.

ఒబామా సంగతి మరో తీరు. పదవి చేపట్టిన మొదటి ఏడాదిలోనే వలస బిల్లు తెస్తామని 2008 మేలో స్పానిష్ టెలివిజన్‌కు మాట ఇచ్చారు. 2009–10లో కొంతకాలం ఆయన పార్టీ పక్షాన సెనేట్‌లో సరిగ్గా 60 మంది ఉన్నారు. ఆ బలం ఆరోగ్య బీమా చట్టానికి ఖర్చయింది. వలస బిల్లు రాలేదు. పైగా దేశం నుంచి పంపివేతలు 2012లో 4 లక్షలు దాటాయి. ఈ విషయంలో తాను విఫలమైనట్టు ఆయనే తరువాత ఒప్పుకున్నారు.

అయితే ఆయన చేసింది ఏమీ లేదనడం అన్యాయం. 2012 జూన్‌లో, ఎన్నికకు ఐదు నెలల ముందు, డ్రీమ్ యువతను పంపివేయకుండా ఆపే ఉత్తర్వు తెచ్చారు. 2015 మే నుంచి గ్రీన్ కార్డు వరుసలో ఉన్న హెచ్‌–1బి ఉద్యోగుల భార్యలకు, భర్తలకు పని అనుమతి లభించింది. ఇంజనీరింగు చదివి అక్కడ వంటింటికే పరిమితమైన మన ఆడపడుచులెందరికో ఇది ఊపిరి పోసింది. చట్టం కాకపోయినా చేతికి అందిన మేలు ఇది.

ఐదు రెట్లు అన్నవారే ఆపమన్నారు

2013లో నలుగురు రిపబ్లికన్లు, నలుగురు డెమొక్రాట్లు కలిసి తయారుచేసిన బిల్లును జూన్ 27న సెనేట్ 68–32 ఓట్లతో ఆమోదించింది. ఉద్యోగ కార్డులకు దేశాలవారీ పరిమితి ఎత్తివేయడం, భార్యాబిడ్డలను లెక్కలోంచి తప్పించడం అందులో ఉన్నాయి. హెచ్‌–1బి ఉద్యోగులపైనే ఎక్కువగా ఆధారపడే కంపెనీలకు కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ప్రతినిధుల సభ నాయకత్వం దానిని ఓటుకే పెట్టలేదు. అది చట్టమై ఉంటే ఇవాళ వరుసలో ఉన్న ఎన్నో కుటుంబాల కథ వేరుగా ఉండేది.

ఆ ఎనిమిది మందిలో ఒకరైన మార్కో రూబియో 2016 అధ్యక్ష పోటీలో తన బిల్లుకు తానే దూరం జరిగి, సరిహద్దు భద్రతే ముందన్నారు. టెడ్ క్రూజ్ తీరు మరీ విడ్డూరం. 2013లో హెచ్‌–1బి వీసాలను 65,000 నుంచి 3,25,000కు, అంటే ఐదు రెట్లు పెంచాలని సవరణ పెట్టిన ఆయనే, 2015 నవంబరులో అభ్యర్థిగా వాటిని 180 రోజులు నిలిపివేయాలన్నారు. మధ్యలో మారింది చట్టం కాదు, ఓటరు గాలి.

ట్రంప్, బైడెన్, హారిస్

డొనాల్డ్ ట్రంప్ విషయంలో రెండు లెక్కలు వేయాలి. అనుమతి లేని వలసను అణచివేస్తామన్న మాటకు ఆయన చేతలు సరిపోయాయి. గోడ పనులు సాగించారు, డ్రీమ్ యువత ఉత్తర్వును 2017లో రద్దుచేశారు. రద్దుచేసిన తీరు సరికాదని 2020 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టివేయడం వేరు సంగతి. చదువుకున్నవారి వలసపై మాత్రం ఆయన మాట నిలకడగా లేదు. 2016 మార్చి చర్చలో నిపుణులు కావాలంటూ మెత్తబడి, ఆ రాత్రే వెనక్కి తగ్గుతూ ప్రకటన ఇచ్చారు. 2020 జూన్‌లో కొత్త హెచ్‌–1బి వారి రాకను ఆ ఏడాది చివరిదాకా ఆపారు. 2024 జూన్‌లో, ఎన్నికల ముందు, కాలేజీ పట్టా పుచ్చుకున్న ప్రతి విదేశీ విద్యార్థికీ గ్రీన్ కార్డు ఇవ్వాలన్నారు. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్‌–1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ప్రకటన చేశారు. భార్యల పని అనుమతి ఎత్తివేస్తామన్న ప్రతిపాదన మాత్రం తొలి నాలుగేళ్ళ పాలనలో కాగితం దాటలేదు. బెదిరింపుగా చెప్పినవన్నీ జరుగుతాయనీ లేదన్నమాట.

జో బైడెన్ 2021 జనవరి 20న, ప్రమాణం చేసిన రోజే, సమగ్ర వలస బిల్లును శాసనసభకు పంపారు. ఆ మేరకు మాట నిలుపుకొన్నారు. అయితే ఆ బిల్లు ఉభయ సభల్లో ఎక్కడా ఓటింగుకు నోచుకోలేదు. 2024 ఫిబ్రవరిలో ఇరుపార్టీల సెనేటర్లు కుదిర్చిన సరిహద్దు బిల్లులో ఏటా 50,000 చొప్పున ఐదేళ్ళపాటు అదనపు వీసాలున్నాయి. ట్రంప్ వద్దన్నారు. 60 కావలసిన చోట 49 ఓట్లే వచ్చాయి.

కమలా హారిస్ పేరు చెప్పగానే మనవారికి ఆమె తల్లిగారి తమిళనాడు గుర్తుకొస్తుంది. అంతకన్న గుర్తుంచుకోవలసింది వేరే ఉంది. దేశాలవారీ పరిమితి ఎత్తివేసే సెనేట్ బిల్లును 2019 ఫిబ్రవరిలో రిపబ్లికన్ మైక్ లీతో కలిసి ఆమె ప్రవేశపెట్టారు. ప్రతినిధుల సభ అదే ఏడాది జులై 10న తన బిల్లును 365–65 ఓట్లతో నెగ్గించింది. సెనేట్ 2020 డిసెంబరు 2న ఏకగ్రీవంగా ఒప్పుకుంది. కాని రెండు బిల్లుల రూపాలు వేరు కావడంతో సభాకాలం ముగిసేలోగా రాజీ కుదరలేదు. ఒడ్డుకు చేరిన పడవ రేవులో మునిగింది.

డ్రీమ్ యువతకు అండగా నిలిచిన డిక్ డర్బిన్ ఈ బిల్లును మొదట అడ్డుకోవడం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా పరిమితి ఎత్తేస్తే, భారతీయుల నిరీక్షణ తగ్గి ఇతర దేశాల వారి నిరీక్షణ పెరుగుతుందన్నది ఆయన అభ్యంతరం. మనకు అడ్డుపడ్డవారంతా వలసల విరోధులు కారనడానికి ఇదొక ఉదాహరణ.

కొలవడం ఎలా?

ఇందరి చరిత్ర చూశాక నాలుగు ప్రశ్నలు మిగులుతాయి. అభ్యర్థి గతంలో ఈ బిల్లులకు ఏ ఓటు వేశారు? ఓటు పోతుందని తెలిసినప్పుడు కూడా అదే మాట మీద నిలిచారా? సభలో బలమున్న రోజున ఆ బలాన్ని దీనికి వాడారా? శాసనం కానప్పుడు ఉత్తర్వుతో చేయగలిగింది చేశారా? ఈ నాలుగింటిలోనూ పూర్తి మార్కులు తెచ్చుకున్నవారు పై జాబితాలో ఒక్కరూ లేరు. మొదటిదానిలో ఒబామా, క్లింటన్‌లకు మార్కులు పడతాయి. రెండవదానిలో మెకెయిన్, రూబియో, క్రూజ్ తప్పారు. మూడవదానిలో ఒబామా తప్పారు. నాలుగవదానిలో మళ్ళీ ఆయనకే ఎక్కువ మార్కులు.

ఈ ఎన్నికల్లో మనకు ఓటు లేదు. అయితే అక్కడ పౌరులైన తెలుగువారికి ఉంది. సభల్లో శాలువాలు కప్పి ఫోటోలు దిగే ముందు, ఫలానా బిల్లుకు మీరు ఎటు ఓటు వేశారని అభ్యర్థిని అడగగలిగిన వారు వారే. 2028లో మళ్ళీ అధ్యక్ష ఎన్నిక వస్తుంది. మళ్ళీ ప్రమిదలు వెలుగుతాయి, ప్రశంసలు కురుస్తాయి. ఈలోగా ఇక్కడి పెద్దలకు మరి కొన్నేళ్ళు మీద పడతాయి, అక్కడి మనవళ్ళు 21కి మరింత దగ్గరవుతారు. వారి కోసమైనా, వినిపించే మాట కంటే వేసిన ఓటును ముందు చూడడం అలవాటు చేసుకోవాలి.