మధుశాలలో మేధావులు

వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు వృత్తుల్లో బతికిన మహామేధావులను ఒకే గదిలోకి రప్పించి, వారిచేత వాదులాడించి, ఆ వాదనలోంచి నవ్వు పుట్టించే నాటక పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో పాశ్చాత్య రంగస్థలం మీద స్థిరపడింది. విప్లవ నాయకుడు లెనిన్‌ను, నవలాకారుడు జేమ్స్ జాయిస్‌ను, కళలో అర్థాన్నే ధిక్కరించిన దాదా ఉద్యమ కవి త్రిస్తాన్ జారాను 1917 నాటి జ్యూరిచ్ నగరంలో కలగలిపిన టామ్ స్టాపర్డ్ నాటకం ‘ట్రావెస్టీస్’ (1974) ఈ కోవలో పండితుల మెప్పు పొందినది. అమెరికా విశ్వవిద్యాలయాల నాటక విభాగాలు తరచుగా ఎత్తుకునేది మాత్రం సినిమా హాస్యనటుడిగా లోకమంతా ఎరిగిన స్టీవ్ మార్టిన్ రాసిన ‘పికాసో ఎట్ ద లపాన్ అజీల్’. 1993 అక్టోబరులో చికాగోలోని స్టెపెన్‌వుల్ఫ్ థియేటర్‌లో తొలిసారి ప్రదర్శితమైన ఈ నాటకం, కాలేజీ కుర్రకారు చేతుల్లో పడినప్పుడు వృత్తి నాటక సమాజాల్లో కంటె సహజంగా పండుతుందన్నది తోసిపుచ్చలేని మాట. అందుకు కారణం నాటక ఇతివృత్తంలోనే ఉంది.

కథాకాలం 1904 అక్టోబరు 8. స్థలం పారిస్‌లోని మోంమార్త్ర్ గుట్ట మీద ఉన్న ‘లపాన్ అజీల్’, అంటే ‘చురుకైన కుందేలు’ అనే చిన్న మధుశాల. అక్కడికి ఆ సాయంత్రం ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, పాబ్లో పికాసో వస్తారు. అప్పటికి ఐన్‌స్టీన్‌కు ఇరవై అయిదేళ్లు. పికాసోకు ఇరవై మూడు నిండడానికి ఇంకా రెండు వారాలకు పైనే ఉంది. సాపేక్ష సిద్ధాంతపు తొలి పత్రం వెలువడడానికి ఏడాది గడువుంది. చిత్రకళ దారి మళ్లించిన ‘అవిన్యోన్ యువతులు’ చిత్రానికి మూడేళ్లు పడుతుంది. ఒకరిది ఇంకా అచ్చు కాని గణితం, మరొకరిది ఇంకా గీయని బొమ్మ. ఇద్దరికీ తాము ఏదో చేయబోతున్నామన్న ధీమా మాత్రం ఆకాశమంత ఉంది. ఆ ధీమా సార్థకమైందని ప్రేక్షకుడికి తెలుసు, పాత్రలకు తెలియదు. నాటకంలోని హాస్యంలో ముప్పాతిక భాగం ఈ తేడా మీదనే నడుస్తుంది.

చరిత్ర దృష్టితో చూస్తే ఈ కలయిక పూర్తిగా కల్పితం. పికాసో 1904 వసంతంలో స్పెయిన్ వదిలి పారిస్‌లో స్థిరపడి, అదే గుట్ట మీద ‘బతో లవ్వార్’ అని పేరుపడ్డ శిథిలమైన ఇంట్లో కాపురం పెట్టాడు. ఐన్‌స్టీన్ ఆ ఏడు స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో పేటెంటు కార్యాలయంలో మూడో తరగతి సాంకేతిక నిపుణుడిగా ఉద్యోగం చేస్తూ, ఆ మే నెలలోనే పుట్టిన కొడుకు ఆలనాపాలనలో మునిగి ఉన్నాడు. నాటకంలో ఒంటరి యువకుడిలా ఒక కౌంటెస్ కోసం, అంటే ఒక ప్రభువంశపు మహిళ కోసం, ఎదురుచూసే ఐన్‌స్టీన్‌కు నిజజీవితంలో అప్పటికే పెళ్లయి ఏడాదిన్నర దాటింది.

ఈ నాటకాన్ని విమర్శకులు అసంబద్ధ హాస్యమని పిలవడం పరిపాటి కాబట్టి ఆ మాటకు కొంత వివరణ అవసరం. మనిషి అర్థం కోసం వెతకడం, లోకం ఏ అర్థమూ ఇవ్వకుండా మౌనం వహించడం, ఈ రెండింటి పొసగనితనాన్నే అసంబద్ధత అని ఆల్బేర్ కామూ 1942లో ‘సిసిఫస్ పురాణం’లో ప్రతిపాదించగా, రెండో ప్రపంచ యుద్ధానంతర నాటకకర్తలు ఆ భావాన్ని రంగస్థలానికి ఎక్కించారు. 1950లో పారిస్‌లో ప్రదర్శితమైన యూజీన్ అయొనెస్కో ‘బట్టతల గాయని’, 1953 జనవరిలో అదే నగరంలో తెర లేచిన శామ్యూల్ బెకెట్ ‘గోడో కోసం నిరీక్షణ’ ఆ ధోరణికి మూలస్తంభాలు. 1960లో మార్టిన్ ఎస్లిన్ అనే విమర్శకుడు ఈ నాటకాలన్నిటికీ కలిపి అసంబద్ధ రంగస్థలమని పేరు పెట్టాడు. కథ ముందుకు సాగకపోవడం, సంభాషణ తనలో తానే చుట్టుకుపోవడం, కార్యకారణ సంబంధం తెగిపోవడం వాటి లక్షణాలు. స్టీవ్ మార్టిన్ ఈ పనిముట్లన్నీ అరువు తెచ్చుకున్నాడు గాని, వాటి వెనుక ఉన్న నిరాశను ముట్టుకోలేదు. బెకెట్ పాత్రలు ఎదురుచూసిన మనిషి చివరికీ రాడు. మార్టిన్ నాటకంలో మాత్రం అడగని అతిథి కూడా వచ్చి కూర్చుంటాడు. అందువల్ల దీన్ని కచ్చితమైన అర్థంలో అసంబద్ధ నాటకమనడం కంటె, అసంబద్ధత వేషం వేసుకున్న ఆశావాద ప్రహసనమనడమే సబబు.

ఆ వేషం ఎలా పనిచేస్తుందో మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతుంది. ఐన్‌స్టీన్ లోపలికి వచ్చి తన పేరు చెప్పగానే మధుశాల యజమాని ఫ్రెడీ ఒప్పుకోడు. ముందు వరుసలో కూర్చున్న ఒక ప్రేక్షకుడి చేతిలోని ప్రదర్శన పత్రాన్ని తీసుకుని, పాత్రల ప్రవేశ క్రమంలో ఐన్‌స్టీన్‌ది నాలుగో స్థానమని, అతడు మూడో వాడిగా వచ్చేశాడని చూపిస్తాడు. తప్పు తెలుసుకున్న ఐన్‌స్టీన్ బయటికి వెళ్లి, తన వంతు వచ్చినప్పుడు మళ్లీ ప్రవేశిస్తాడు. నాటకశాస్త్రంలో రంగస్థలానికీ ప్రేక్షకులకూ నడుమ ఉన్నట్టు భావించే కనిపించని అడ్డును నాలుగో గోడ అంటారు. ఇక్కడ ఆ గోడ కూలడమే కాదు, కాలాన్ని, క్రమాన్ని తలకిందులు చేయబోయే భౌతిక శాస్త్రవేత్తే వరుస తప్పి రావడంలో ఒక చమత్కారం కూడా ఇమిడి ఉంది. అలాగే కౌంటెస్‌ను కలుసుకోవలసింది వేరే మధుశాలలో కాగా, ఆమె కూడా తనలాగే ఆలోచించే మనిషి కనుక ఇక్కడికే వస్తుందని ఐన్‌స్టీన్ తర్కిస్తాడు. ఆ తర్కం వినడానికి పిచ్చిగా ఉన్నా, కౌంటెస్ చివరికి అక్కడికే వస్తుంది.

నాటకంలోని మూడో ‘మేధావి’ పేరు చార్ల్స్ డాబర్నో ష్మెండిమన్. చరిత్రలో ఇలాంటి మనిషి లేడు. ఆస్బెస్టాస్, పిల్లికూనల పాదాలు, రేడియం కలిపి, వంచితే వంగనిదీ పట్టుకుంటే పెళుసుగా విరిగిపోయేదీ అయిన ఒక కట్టుబడి పదార్థాన్ని కనిపెట్టానని, దాంతో శతాబ్దం తనదేనని అతడు నమ్ముతాడు. మిగిలిన ఇద్దరి ఆత్మవిశ్వాసానికీ ఇతడి ఆత్మవిశ్వాసానికీ బయటికి కనిపించే తేడా ఏమీ లేకపోవడమే ఈ పాత్ర సృష్టిలోని పదును. ప్రతిభ ఉన్నవాడూ లేనివాడూ ఒకే గొంతుతో మాట్లాడితే, ఆ క్షణంలో వినేవాడు ఎవరిని నమ్మాలి అన్న ప్రశ్నను నాటకం మరే చోటా ఇంత సూటిగా అడగదు. బహుశా నాటకం మొత్తంలో నటుడికి అత్యంత కఠినమైన పాత్ర కూడా ఇదే. నవ్వించడానికి కాస్త ఎక్కువ చేస్తే ష్మెండిమన్ వట్టి కోణంగిగా మిగిలిపోయి, ప్రశ్న గాలికి పోతుంది.

నాటకానికి నడిమధ్యలో వచ్చే పోటీ ఘట్టం పాశ్చాత్య కౌబాయ్ సినిమాల్లోని తుపాకీ ద్వంద్వానికి అనుకరణ. తుపాకులకు బదులు పెన్సిళ్లు పట్టుకుని పికాసో బొమ్మ గీస్తాడు, ఐన్‌స్టీన్ సమీకరణం రాస్తాడు, ఒకరిది ఒకరు చూసుకుని ఇద్దరివీ ఒకే జాతి పనులని గ్రహిస్తారు. ఇది కేవలం నాటకీయ ఊహ కాదు. గణితవేత్త ఆన్రీ పోయాంకరే 1902లో ప్రచురించిన ‘శాస్త్రం, ప్రాక్కల్పన’ అనే గ్రంథాన్ని బెర్న్‌లో ఐన్‌స్టీన్ స్నేహబృందం కలిసి చదువుకుంది. పారిస్‌లో పికాసో మిత్రులకు ఆ ఆలోచనలను, నాలుగో పరిమాణం గురించిన జ్యామితిని మోరిస్ ప్రాన్‌సే అనే బీమా గణకుడు వివరించేవాడు. ఈ ఉమ్మడి మూలాన్ని ఆధారం చేసుకుని శాస్త్ర చరిత్రకారుడు ఆర్థర్ ఐ. మిల్లర్ 2001లో ఒక పూర్తి గ్రంథమే రాశాడు. కళా చరిత్రకారులందరూ దాన్ని అంగీకరించకపోయినా, మార్టిన్ 1993లో నవ్వుతూ వేసిన ముడి అంత వదులుదేమీ కాదని దానివల్ల తెలుస్తుంది.

మధుశాల కూడా నిజమైనదే, ఇప్పటికీ పారిస్‌లో నడుస్తున్నదే. పికాసో కాలంలో దాన్ని నడిపిన ఫ్రెడెరిక్ జెరార్‌ను అందరూ ఫ్రెడే అని పిలిచేవారు; నాటకంలోని ఫ్రెడీకి అతడే మూలం. 1905లో పికాసో ఈ మధుశాలనే ఇతివృత్తంగా తీసుకుని ఒక తైలవర్ణ చిత్రం వేశాడు. అందులో వజ్రాకారపు అతుకుల దుస్తుల విదూషకుడి వేషంలో గ్లాసు ముందు నిలబడిన యువకుడు పికాసోయే. పక్కన తలకు టోపీ పెట్టుకుని, ముఖానికి దట్టమైన రంగు పూసుకున్న స్త్రీ జెర్మేన్. వెనుక గిటారు వాయిస్తున్నవాడు ఫ్రెడే. పికాసో ప్రాణస్నేహితుడు కార్లెస్ కాసజెమాస్ 1901 ఫిబ్రవరిలో ఈ జెర్మేన్ మీదనే తుపాకీ పేల్చి, గురి తప్పగా, తనను తాను కాల్చుకుని చనిపోయాడు. పికాసో నీలి దశగా పేరుపొందిన విషాద చిత్రాల పరంపర ఆ మరణం తరువాతనే మొదలైంది. నాటకంలో మద్యం అందించే యువతికి మార్టిన్ జెర్మేన్ అనే పేరు పెట్టి, పికాసో మోజులోని స్వార్థాన్ని పసిగట్టి మొహం మీదే చెప్పగలిగిన పని ఆమెకు అప్పగించాడు. చాలాకాలం మధుశాల గోడకే వేలాడిన ఆ చిత్రాన్ని ఫ్రెడే 1912లో అమ్మేశాడు. 1989లో అది న్యూయార్క్ వేలంలో నాలుగు కోట్ల డాలర్లకు పైగా పలికి, ఇప్పుడు అక్కడి మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

అసంబద్ధత విషయంలో వాస్తవం నాటకాన్ని మించిపోయిన సందర్భమూ ఈ మధుశాలదే. 1910లో రచయిత రోలాన్ దోర్జెలెస్, అతడి మిత్రులు కలిసి ఫ్రెడే పెంచుకుంటున్న లోలో అనే గాడిద తోకకు కుంచె కట్టి, సాక్షిగా ఒక న్యాయాధికారిని నిలబెట్టి, ఆ తోక ఊపులతో తయారైన చిత్రాన్ని బోరొనాలి అనే కల్పిత ఇటాలియన్ చిత్రకారుడి పేరుతో పారిస్‌లోని స్వతంత్ర చిత్రకారుల ప్రదర్శనకు పంపారు. చిత్రం ప్రదర్శనలో వేలాడింది. మార్టిన్ దీన్ని వాడుకోకపోవడం ఆశ్చర్యమే గాని, కథాకాలం ఆరేళ్లు ముందుది కావడం వల్ల కాబోలు వదిలేశాడు.

చివరి భాగంలో పేరు చెప్పని ఒక ‘సందర్శకుడు’ భవిష్యత్తు నుంచి ఊడిపడతాడు. నీలి బూట్లు, అమెరికా దక్షిణాది రాష్ట్రాల యాస, మెంఫిస్ ప్రస్తావన చూసి అతడు గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ అని ప్రేక్షకులు పోల్చుకుంటారు. ప్రెస్లీ తొలి వాణిజ్య రికార్డు 1954లో, అంటే కథాకాలానికి దాదాపు యాభై ఏళ్లకు వెలువడింది. శాస్త్రం, కళ సరసన సామాన్య జనం మెచ్చిన పాటకు కూడా శతాబ్దపు సింహాసనంలో చోటివ్వడం రచయిత ఉద్దేశమైనా, ఈ ప్రవేశం నాటకంలో అంతగా అతకలేదనే చెప్పాలి. మొదటి ఇద్దరి మధ్య నడిచిన తర్కపు పస అతడు రాగానే పలచబడి, సంభాషణ పొగడ్తల వైపు జారుతుంది. రాబోయే శతాబ్దం గురించి పాత్రలు చెప్పే జోస్యాల్లో మాత్రం చురక తగ్గదు: జర్మనీ నాయకత్వాన అది శాంతి శతాబ్దమవుతుందని ఒక మాట, హిరోషిమా నగరం సరికొత్తగా మారిపోతుందని మరో మాట దొర్లినప్పుడు ప్రేక్షకుల నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

విశ్వవిద్యాలయ రంగస్థలానికి ఈ నాటకం ఎందుకు అమరుతుందన్నది ఇక తేలికగానే బోధపడుతుంది. విరామం లేకుండా గంటన్నరలోపే ముగుస్తుంది. అంతా ఒకే రంగాలంకరణ. ఒక బల్లవరుస, నాలుగైదు కుర్చీలు, గోడకు గొర్రెల మంద ఉన్న చిత్రపటం చాలు. నల్లరంగు పూసిన నాలుగు గోడల మధ్య కుర్చీలను ఎటైనా జరుపుకోగలిగే ‘బ్లాక్ బాక్స్’ అనే చిన్న ప్రదర్శనశాలలు చాలా నాటక విభాగాలకు ఉంటాయి కనుక, ఫ్రెడీ చేయి చాస్తే అందేంత దగ్గరలో ప్రేక్షకుడు కూర్చుంటాడు. అన్నిటికంటె ముఖ్యం నటుల వయసు. పేరుమోసిన నడివయసు నటుడు ఐన్‌స్టీన్ వేషం వేస్తే ప్రేక్షకుడికి నోబెల్ గ్రహీత కనిపిస్తాడు. ఎవరికీ తెలియని ఇరవై మూడేళ్ల విద్యార్థి వేస్తే, రేపు ఏమవుతాడో ఎవరూ చెప్పలేని కుర్రవాడు కనిపిస్తాడు. రచన కోరేది ఈ రెండోదాన్ని.

2009లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో జరిగిన సంగతి ఈ నాటకాన్ని నేరుగా విశ్వవిద్యాలయం గడప ఎక్కించింది. లా గ్రాండ్ అనే ఊళ్లో హైస్కూలు విద్యార్థులు దీన్ని సాధన చేస్తుండగా, మద్యం, శృంగార ప్రస్తావనలు పిల్లలకు తగవని తల్లిదండ్రుల్లో కొందరు సంతకాలు సేకరించడంతో పాఠశాల యాజమాన్యం ప్రదర్శనను ఆపేసింది. సంగతి తెలిసిన స్టీవ్ మార్టిన్ స్థానిక పత్రికకు లేఖ రాసి, పాఠశాల బయట ప్రదర్శించుకుంటే ఖర్చు తానే భరిస్తానని ముందుకు వచ్చాడు. ప్రదర్శన చివరికి అదే ఊళ్లోని ఈస్టర్న్ ఆరిగన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. తల్లిదండ్రుల అభ్యంతరం పూర్తిగా నిరాధారమైనది కాదు; స్త్రీల పట్ల నాటకంలోని పికాసో ధోరణి రోత కలిగించేదే. ఒకసారి పరిచయమై బొమ్మ గీసిచ్చిన సూజన్ అనే యువతిని అతడు కొన్నాళ్లకే గుర్తుపట్టలేకపోతాడు. అయితే రచయిత ఆ ధోరణిని మెచ్చుకోలేదు, ఎండగట్టాడు. ఆ తేడాను నటనలో స్పష్టం చేయడం దర్శకుడి బాధ్యత.

తెలుగువారికి ఈ ప్రక్రియ కొత్తేమీ కాదు. శ్రీకృష్ణదేవరాయల సభలో అష్టదిగ్గజాలను కొలువుదీర్చే ‘భువనవిజయం’ సాహిత్య రూపకం కళాశాలల్లో, పండిత సభల్లో, అమెరికా తెలుగు సంఘాల వేడుకల్లో దశాబ్దాలుగా ఆడుతూనే ఉంది. పింగళి సూరన, రామరాజభూషణుడు రాయల అనంతర కాలపు కవులని సాహిత్య చరిత్రకారులు చెబుతున్నా, వేదిక మీద వారు రాయల ఎదుటే పద్యం చదువుతారు, సభ చప్పట్లు కొడుతుంది. తేడా అల్లా భువనవిజయంలోని కవులు కీర్తి కిరీటాలతోనే ప్రవేశిస్తారు, మార్టిన్ మేధావులు అనామకులుగా ప్రవేశిస్తారు. మన విశ్వవిద్యాలయాల రంగస్థల కళల శాఖలు రెండో పద్ధతిని కూడా పరీక్షించి చూడవచ్చు. సందర్శకుడి స్థానంలో తెలుగు గాయకుణ్ని పెట్టాలన్న ఉబలాటం కలగవచ్చు గాని, పారిస్ కథను పారిస్‌లోనే ఉంచడం మేలు. అనువదించి ఆడదలచిన వారు ముందుగా హక్కుదారుల అనుమతి పొందాలి. ఆపైన ప్రదర్శన పత్రంలో పాత్రల ప్రవేశ క్రమాన్ని ఒకటికి రెండుసార్లు సరిచూసి అచ్చువేయించాలి, ఎందుకంటే అందులో ఐన్‌స్టీన్ పేరు నాలుగోది కాకపోతే నాటకంలోని మొదటి పెద్ద నవ్వు పండదు.