సాగుతున్నది కండరమా, ఓర్పా?

కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడిందంటే మన ఊళ్లలో కాలేజీ మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి. 1600 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యే కుర్రాళ్లు ముందుగా గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి చాపి, పిక్కలు లాగుతూ కనిపిస్తారు. అలా అరనిమిషం నిలబడితే బిగుసుకున్న పిక్క కాస్త వదులైనట్టు అనిపిస్తుంది. మరి ఆ అరనిమిషంలో కండరం నిజంగానే పొడవు పెరిగిందా? చాలామంది పెరిగిందనే నమ్ముతారు. ప్రయోగాల్లో తేలింది వేరు. ఆ సంగతి తెలుసుకుంటే పరుగుకు ముందు ఏం చేయాలో, కాలికి పిండికట్టు విప్పాక ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

కండరంలోని ప్రతి పోగులోనూ సార్కోమియర్ అనే అతి చిన్న భాగాలు వేల సంఖ్యలో ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. ఒక మిల్లీమీటరు పొడవులో నాలుగైదు వందలు పడతాయి. ప్రతి సార్కోమియర్‌లోనూ మయోసిన్ అనే లావు తంతువులు, యాక్టిన్ అనే సన్న తంతువులు ఉంటాయి. ఒక చేతి వేళ్ల సందుల్లోకి రెండో చేతి వేళ్లు దూర్చి, మెల్లగా బయటికి లాగి చూడండి. వేళ్ల పొడవు మారదు, అరచేతుల మధ్య దూరం మారుతుంది. కండరం ముడుచుకున్నా సాగినా లోపల జరిగేది ఇదే. 1954లో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఒక జట్టుగా, ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె మరో జట్టుగా విడివిడిగా పనిచేసి ఈ విషయాన్ని లోకానికి చెప్పారు. ఈ తంతువులతోపాటు టైటిన్ అనే ప్రోటీన్ కూడా ఉంటుంది. మన ఒంట్లోని ప్రోటీన్లలో ఇదే అతి పెద్దది. లాగితే సాగుతుంది, వదిలితే సార్కోమియర్‌ను మళ్లీ దాని పాత పొడవుకు తెచ్చేస్తుంది. అందుకే అరనిమిషం లాగి వదిలిన పిక్క కొద్దిసేపటికే మామూలు స్థితికి వస్తుంది.

మరి రోజూ లాగేవాళ్లు కొన్ని వారాలకు ఇంకాస్త వంగగలుగుతారు కదా, అదెలా? 1996లో మాగ్నుసన్, ఆయన సహచరులు తొడ వెనక కండరాల మీద దీన్ని పరీక్షించారు. మూడు వారాలు ఒక కాలికి మాత్రమే స్ట్రెచింగ్ చేయించి, రెండో కాలిని పోలికకు వదిలేశారు. స్ట్రెచింగ్ చేసిన కాలు ముందుకన్నా ఎక్కువ దూరం సాగింది. అయితే ఒకే కోణం దగ్గర ఆ కండరం ఎంత బలంగా ఎదురు లాగుతోందో కొలిస్తే ముందుకూ ఇప్పటికీ తేడా లేదు. అంటే కండరం గుణం మారలేదు. ‘ఇక చాలు’ అని మెదడు ఆపమనే హద్దు కాస్త ముందుకు జరిగిందంతే. కొద్ది వారాల స్ట్రెచింగ్‌తో వచ్చే లాభంలో పెద్ద భాగం ఈ ఓర్పుదే. ఇది చిన్న విషయమేమీ కాదు. నొప్పికి భయపడి కదలిక మానుకున్న మనిషికి ఈ ఓర్పు తిరిగి రావడమే కోలుకోవడంలో తొలి మెట్టు.

కుదుపుతో లాగడం మాత్రం మానాలి. కండరపు పోగుల పక్కనే స్పిండిల్ అనే జ్ఞానాంగాలు ఉంటాయి. కండరం ఎంత సాగుతోంది, ఎంత వేగంగా సాగుతోంది అన్నది అవి వెన్నుపాముకు చేరవేస్తుంటాయి. చటుక్కున లాగితే వెన్నుపాము అదే కండరాన్ని ముడుచుకోమంటుంది. డాక్టరు చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టినప్పుడు కాలు ఎగరడం ఇందువల్లే. నిదానంగా లాగి పట్టుకుంటే ఈ ప్రతిచర్య అంతగా అడ్డురాదు.

పరుగుకు ముందు స్ట్రెచింగ్ చేస్తే దెబ్బలు తగలవన్న నమ్మకం చాలా పాతది. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మందిని పన్నెండు వారాల శిక్షణలో గమనించిన పోప్ బృందం ఫలితాలు 2000లో వెలువడ్డాయి. వ్యాయామానికి ముందు కాళ్లు లాగిన 735 మందిలో కాళ్లకు గాయాలైనవారు 158 మంది, లాగని 803 మందిలో 175 మంది. లెక్క వేస్తే రెండు వైపులా దాదాపు ఒకే నిష్పత్తి. మర్నాటి ఒళ్లు నొప్పుల సంగతీ అంతే. అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన 2011 నాటి కోక్రేన్ సమీక్షలో, 100 పాయింట్ల కొలతలో తగ్గిన నొప్పి సగటున ఒక పాయింటుకు మించలేదు. పైగా ఒకే కండరాన్ని నిమిషానికి మించి లాగి పట్టుకుంటే ఆ వెంటనే దాని బలం కొద్దిగా తగ్గుతుంది. కాబట్టి మైదానంలోని కుర్రాళ్లకు నా సలహా ఇది: ముందు నెమ్మదిగా జాగింగ్ చేసి ఒళ్లు వెచ్చబరచుకోండి, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపండి, మోకాళ్లు పైకెత్తుతూ నాలుగడుగులు వేయండి. నిలబడి లాగి పట్టుకునే స్ట్రెచింగ్‌ను పరుగయ్యాక, తీరిగ్గా చేసుకోండి.

పిండికట్టు దగ్గరికి వస్తే కథ మారుతుంది. చీలమండ విరిగి కొన్ని వారాలు కట్టులో ఉన్నవాళ్లకు కట్టు విప్పిన రోజు గొంతుక్కూర్చోవడం సాధ్యం కాదు, మడమ నేలకు ఆనదు. ఇక్కడ కండరం నిజంగానే పొట్టిదవుతుంది. 1972లో ఫ్రాన్స్‌కు చెందిన టాబరీ, ఆయన సహచరులు పిల్లుల పిక్కలోని సోలియస్ కండరాన్ని ముడుచుకున్న స్థితిలో నాలుగు వారాలు కట్టులో ఉంచారు. పోగుల్లో వరుసగా ఉండే సార్కోమియర్లు 40 శాతం మాయమయ్యాయి. సాగదీసిన స్థితిలో కట్టు వేస్తే 20 శాతం దాకా కొత్తవి వచ్చి చేరాయి. కట్టు తీసేశాక నాలుగు వారాల్లో సంఖ్య మళ్లీ మామూలుకు వచ్చింది. కండరం తనను ఏ పొడవులో వాడుకుంటున్నారో దాన్నిబట్టి తన వరుసలను కత్తిరించుకుంటుంది, కలుపుకుంటుంది. ఈ రంగంలో ఇంతకన్నా ఆశ కలిగించే విషయం నాకు కనబడలేదు.

కాకపోతే ఆ పిల్లి కాలు రాత్రీ పగలూ సాగే ఉంది. మనం లాగేది రోజుకు కొన్ని నిమిషాలు. పక్షవాతం వంటి జబ్బుల్లో బిగిసిపోయిన కీళ్ల మీద జరిగిన అధ్యయనాలను మరో కోక్రేన్ సమీక్ష పరిశీలించింది. ఏడు నెలల లోపు చేసిన స్ట్రెచింగ్‌తో కీలు కదలికలో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. మంచంలో ఉన్న తండ్రి చేతిని రోజూ ఓపిగ్గా లాగే కొడుకులకు, కోడళ్లకు ఇది బాధ కలిగించే మాటే. వాళ్ల శ్రమ వృథా అని నేననను. కానీ రోగి తన బలంతో చేయగలిగిన కదలిక కొంచెమైనా మిగిలి ఉంటే, శ్రమను దానివైపు మళ్లించమని ఫిజియోథెరపిస్టును తప్పక అడగాలి.

ఎందుకంటే కండరాన్ని మార్చడంలో ఉత్త లాగుడుకన్నా, బరువు మోస్తూ సాగడానికి శక్తి ఎక్కువ. కొండ మెట్లు దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒంటి బరువును ఆపుకుంటూనే సాగుతుంది. మర్నాడు తొడలు పట్టేసేది అందుకే. అలా వాలు దిగుతూ పరుగెత్తిన ఎలుకల తొడ పోగుల్లో, ఎక్కిన వాటికన్నా ఎక్కువ సార్కోమియర్లు వరుసగా ఉన్నట్టు లిన్, మోర్గాన్ 1994లో చూపించారు.

దీన్ని చికిత్సగా మార్చినవారిలో ఒకరు హాకన్ అల్ఫ్రెడ్‌సన్. స్వీడన్‌కు చెందిన ఎముకల డాక్టరు. మడమ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) నొప్పితో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న 15 మందికి ఆయన ఒక వ్యాయామం ఇచ్చారు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మంచి కాలితో పైకి లేచి, నొప్పి కాలి మీద బరువు వేసి మడమను మెట్టు కిందికి నిదానంగా దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్ల చొప్పున మూడు విడతలు, మోకాలు కాస్త వంచి మరో మూడు. మోకాలు వంచితే పిక్కలోని పై కండరం వదులై, లోపలి సోలియస్ మీద భారం పడుతుంది. రోజుకు రెండుసార్లు, పన్నెండు వారాలు. 1998లో వచ్చిన ఫలితం ప్రకారం 15 మందీ మళ్లీ పరుగెత్తారు. చిన్న అధ్యయనమే అయినా, టెండన్ నొప్పికి విశ్రాంతే మందన్న అభిప్రాయాన్ని ఇది కదిలించింది.

ఎముక విరిగినవాళ్లు మాత్రం అది అతికిందని డాక్టరు చెప్పేదాకా దీని జోలికి పోకూడదు. నొప్పి టెండన్ మధ్యలో కాకుండా, మడమ ఎముకకు అతుక్కునే చోట ఉంటే మెట్టు అంచు పనికిరాదు. మడమ కిందికి దిగిన కొద్దీ ఆ చోట ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది. అలాంటివాళ్లు చదును నేల మీదే నిలబడి, మడమ నేలకు ఆనేంతవరకే దించాలి.