ఓడ మీద పండుగ, ఎండకాలములో క్రిస్మస్



మా బచ్చన్నపేట ప్రాంతములో క్రిస్మస్ అంటే చలి. వరి కోతలు అయిపోయిన పొలముల మీద తెల్లవారుజామున మంచు కురుస్తుంది. రాత్రిపూట దుప్పట్లు కప్పుకొని, డప్పు, తాళములు పట్టుకొని ఇంటింటికి తిరిగి పాటలు పాడతాము. చలి లేని క్రిస్మస్ మన పిల్లలకు తెలియదు, మనకూ తెలియదు.

పోయిన సంవత్సరము అట్లా పాటలకు తిరుగుతూ ఒక తల్లి ఇంటి ముందు ఆగాము. ప్రార్థన అయిన తరువాత ఆమె ఇట్లా అడిగింది.

"అయ్యగారూ, మా పిల్లగాడు ఓడ మీద పని జేస్తుండు గదా. ఈ పండుగకు సౌతాఫ్రికాల డర్బన్ రేవుకాడ ఉంటడట. ఆడ ఇప్పుడు ఎండకాలమట! ఎండకాలంల క్రిస్మస్ ఏందయ్యా? నాకు పండుగ లెక్కనే అనిపిస్తలేదమ్మా అని ఫోన్‌ల అంటుండు."

"ప్రార్థన చేస్తామమ్మా" అని చెప్పి ముందుకు సాగాము. పాస్టర్లకు అది తేలికైన జవాబు. ఇంటికి వచ్చి సంఘ సభ్యుల పుస్తకము తీస్తే ఆ యువకుని పేరు మీద ఒక గీత కనిపించింది. రెండేళ్లుగా ఆరాధనకు రావడము లేదని మేమే, మా చేతితోనే, కొట్టివేసిన పేరు అది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లి ప్రశ్నకు తరువాత వెదికి తెలుసుకొన్న జవాబునే ఈ నెల మీతో పంచుకొంటున్నాము.

ఎండకాలము ఎందుకు?

భూమి కొంచెము ఒరిగి సూర్యుని చుట్టూ తిరుగుతుంది. డిసెంబరులో దక్షిణ భాగము సూర్యుని వైపు వంగి ఉంటుంది. అందుచేత మనకు చలికాలమైనప్పుడు దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా దేశములలో ఎండకాలము. డర్బన్ పట్టణము భూమధ్యరేఖకు దక్షిణముగా సుమారు 30 డిగ్రీల దూరములో సముద్రపు ఒడ్డున ఉన్నది. అక్కడ మామిడి, లిచీ పండ్లు క్రిస్మస్ నాటికి వస్తాయి. బడులకు పెద్ద సెలవులు కూడ అప్పుడే.

క్రీస్తు పుట్టిన రాత్రి చలిగా ఉన్నదని గాని, వేడిగా ఉన్నదని గాని సువార్తలు చెప్పలేదు. గొర్రెల కాపరులు రాత్రివేళ పొలములో మందను కాచుకొంటున్నారని మాత్రము లూకా వ్రాశాడు. చలి మన ఊరి వాతావరణమే గాని పండుగలో భాగము కాదు.

మనవాళ్లు ఎక్కిన ఓడలు

ఆ తల్లి కుమారుడు డర్బన్ రేవు చూసిన మొదటి తెలుగువాడు కాడు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అను ఓడ మద్రాసు నుండి 342 మందితో ఆ రేవు చేరింది. నేటాల్ చెరకు తోటలలో పనిచేయడానికి మన దేశమునుండి వెళ్లిన మొదటి కూలీలు వారే. వారిలో కొందరు క్రైస్తవులు. అక్కడ దిగిన నలభై రోజులలోపే వారికి మొదటి క్రిస్మస్ వచ్చింది. చెరకు తోటలో, ఎండలో, చుట్టూ తెలియని భాష. ఆ పండుగ ఎట్లా గడిచిందో ఊహించుకోవలసిందే.

1911లో ఆ వలస ఆగిపోయేలోగా సుమారు 1,52,000 మంది అక్కడికి వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవునుండి బయలుదేరిన తమిళులు, తెలుగువారు. అయిదేళ్ల ఒప్పందము. మొదట్లో మగవారికి కూలి నెలకు 10 షిల్లింగులు. సముద్రము దాటితే కులము పోతుందని పెద్దలు చెప్పే ఆ కాలములో, ఓడ ఎక్కినవాడు తమకు చచ్చినవాడితో సమానమని చాలా ఇండ్లలో అనుకొనేవారు.

నెల్లూరు నుండి వెళ్లిన కాపరి

అయితే అట్లా అనుకోనివారు కూడ ఉన్నారు. నేటాల్‌లోని తెలుగు విశ్వాసులకు కాపరి లేడని ఇక్కడి తెలుగు బాప్టిస్టులు గుర్తించారు. వారి హోమ్ మిషన్ సొసైటీ 1903లో జాన్ రంగయ్యగారిని నెల్లూరు నుండి ఆఫ్రికాకు పంపించింది. ఇది తెల్లదొరలు చేసిన ఏర్పాటు కాదు, తెలుగు సంఘములు తమవారి కొరకు తామే చేసిన పని.

స్టాంగర్ దగ్గర కియర్స్నీ అనే తేయాకు తోటలో మనవారు చాలామంది పనిచేసేవారు. అక్కడ 1903 డిసెంబరు 27న మొదటి తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడింది. ఆ దినము ఆదివారము, క్రిస్మస్ వెళ్లిన రెండవ దినము. అంటే నిండు ఎండకాలము! రంగయ్యగారు 1915లో మరణించేవరకు ఆ దేశములోనే సేవ చేశారు.

సముద్రము దాటినవారి పేర్లు ఆ పెద్దలు కొట్టివేయలేదు. వారి వెనుక ఒక కాపరినే పంపారు.

రేవు బయట ఆగిన ఓడ

ఓడ మీది క్రిస్మస్ అంటే మరొక సంగతి గుర్తుకు వస్తుంది. 1896 డిసెంబరు 18న గాంధీగారు భార్యాబిడ్డలతో 'కోర్లాండ్' అను ఓడలో డర్బన్ చేరారు. బొంబాయిలో ప్లేగు ఉన్నదని చెప్పి ప్రయాణికులను దిగనివ్వలేదు. అసలు సంగతి వేరు. ఆయనను, ఆయనతో వచ్చిన భారతీయులను తిరిగి పంపించాలని పట్టణములోని తెల్లవారు సభలు పెట్టి బెదిరిస్తున్నారు.

అట్లా ఆగిన ఓడ మీదనే క్రిస్మస్ వచ్చింది. కెప్టెన్ విందు చేసి గాంధీగారి కుటుంబమును కూడ పిలిచాడు. ఈ తెల్లవారు బెదిరించినట్లే కొడితే మీ అహింస ఏమవుతుందని ఆయనను అడిగాడు. వారిని క్షమించే ధైర్యము దేవుడు ఇస్తాడని నమ్ముతున్నానని, వారి మీద తనకు కోపము లేదని ఆయన జవాబిచ్చాడు. జనవరి 13న ఓడ దిగగానే జనము ఆయనను రాళ్లతో, దెబ్బలతో గాయపరిచారు. పోలీసు సూపరింటెండెంటు భార్య తన గొడుగు అడ్డుపెట్టి కాపాడింది. కొట్టినవారి మీద కేసు పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. క్రైస్తవుడు కాని ఆయన క్రిస్మస్ విందులో చెప్పిన మాట నిలబెట్టుకొన్నాడు. క్రిస్మస్ చేసుకొనే మనము ఆలోచించవలసిన సంగతి ఇది.

మనము చేయగలిగినది

ఈ రోజు మన పల్లెలనుండి పిల్లలు గల్ఫ్ దేశములకు, ఓడల మీదికి, దూర పట్టణములకు వెళ్తున్నారు. వారినుండి వచ్చే డబ్బు లెక్క మనకు తెలుసు. వారి పండుగ ఎట్లా గడుస్తున్నదో తెలియదు.

మేము మొదట ఆ గీత పక్కన ఆ పేరును తిరిగి వ్రాశాము. ఊరు విడిచి వెళ్లినవారి పేర్లన్నీ 24వ తేదీ రాత్రి ఆరాధనలో చదివి, ఒక్కొక్కరి కొరకు ప్రార్థన చేశాము. మీ సంఘములోనూ ఇట్లా చేయవచ్చును. ఫోన్ చేసేముందు అక్కడి సమయము తెలుసుకోండి. దక్షిణాఫ్రికా మనకంటె మూడున్నర గంటలు వెనుక. ఇక్కడ ఉదయము 10 గంటలకు ఆరాధన మొదలైతే అక్కడ ఇంకా ఆరున్నరే. డబ్బు సంగతి తరువాత అడగండి. ముందు "తిన్నావా బిడ్డా?" అని అడగండి. ఓడలలో పనిచేసేవారి కొరకు 1856లో ఇంగ్లండులో ఆరంభమైన 'మిషన్ టు సీఫేరర్స్' అనే సంస్థ చాలా దేశముల రేవులలో ఉన్నది. దాని గురుతు ఎగిరే దేవదూత. ఆ గురుతు కనిపిస్తే లోపలికి వెళ్లమని మీ పిల్లలకు చెప్పండి.

పండుగనాడు ఆరాధన అయిన తరువాత ఆ తల్లి మా ఎదుటే కుమారునికి ఫోన్ చేసింది. "బిడ్డా, రాత్రి గుళ్లె నీ పేరు చదివిండ్రురా" అన్నది. అటువైపు కొంతసేపు మాట లేదు. తరువాత అతడు "అమ్మా, ఫోన్ అయ్యగారికి ఇయ్యి" అన్నాడు. ఆ పేరు మీద గీత గీసిన సంగతి అతనితో చెప్పి క్షమాపణ అడిగాము.

తుపానులో 276 మందితో కొట్టుకుపోతున్న ఓడ మీద పౌలు రొట్టె పట్టుకొని, అందరి ఎదుట దేవునికి స్తుతులు చెల్లించాడు. ఆయనకు అక్కడ గుడి లేదు, చుట్టాలు లేరు. దేవుడు మాత్రము ఆయనకు తోడుగా ఉన్నాడు. దూరముననున్న మన బిడ్డలందరికిని ఆ తోడు ఈ క్రిస్మస్‌నాడు కలుగును గాక. ఆమేన్.