రంగు తినే బ్యాక్టీరియా.. నీరు తేటపడినా తప్పని ముప్పు

అద్దకం పని సాగే ఊళ్లలో మురుగు కాల్వను చూస్తే చాలు, ఆ పూట తొట్టిలో ఏ రంగు నూలు ముంచారో చెప్పేయవచ్చు. నూలుకు పట్టని రంగంతా నీటితోపాటే బయటికి పోతుంది. సిరిసిల్ల, పోచంపల్లి, చీరాల వంటి నేత కేంద్రాలకు ఇది కొత్త సంగతి కాదు. ఆ రంగును విరిచే సూక్ష్మజీవి ఒకటి ఉంది. అయితే అది చేసేది సగం పనే.

చైనాలోని గ్వాంగ్‌జౌలో వస్త్ర ముద్రణ మురుగును శుద్ధి చేసే కేంద్రంలోని బురద నుంచి శాస్త్రవేత్తలు దీనిని వేరుచేశారు. 2005లో కొత్త జాతిగా గుర్తించి 'షెవానెల్లా డికలరేషనిస్' అని పేరు పెట్టారు. రంగు పోగొట్టేదని ఆ పేరులోనే ఉంది.

నేడు వాడుకలో ఉన్న సింథటిక్ రంగుల్లో సగానికి పైగా అజో రంగులే. రెండు నత్రజని పరమాణువులను కలిపే జంట బంధమే వీటి రంగుకు మూలం. ఎండకు, ఉతుకుకు చెక్కుచెదరకుండా తయారు చేసినవి కనుక మురుగులోనూ అంత తేలికగా నశించవు. చీరకు మేలు చేసే గుణమే కాల్వకు కీడయింది. ప్రాణవాయువు అందని చోట ఈ బ్యాక్టీరియా శ్వాసక్రియలో వెలువడే ఎలక్ట్రాన్లను ఆ బంధానికి అందిస్తుంది. బంధం తెగుతుంది, రంగు మాయమవుతుంది. గాలి ధారాళంగా తగిలితే మాత్రం ఈ పని మందగిస్తుంది.

చిక్కంతా ఆ తరువాతే. తెగిన ముక్కలు ఆరోమాటిక్ అమైన్లనే పదార్థాలుగా మిగులుతాయి. వీటికి రంగుండదు, కంటికి కనబడవు. వీటిలో కొన్ని విషపూరితం. బెంజిడిన్ అనేది మూత్రాశయ క్యాన్సర్‌కు కారణమని ఏనాడో రుజువైంది. ఇలాంటి అమైన్లను విడుదల చేసే 112 రంగులను కేంద్ర ప్రభుత్వం 1990వ దశకంలోనే నిషేధించింది.

అందుకే శుద్ధిని రెండు అంచెలుగా జరపాలన్నది నిపుణుల మాట. మొదట గాలి తగలని తొట్టిలో రంగు విరగాలి. ఆపై గాలి ఊదే తొట్టిలో వేరే బ్యాక్టీరియా ఆ అమైన్లను విచ్ఛిన్నం చేయాలి. అప్పటికీ కొన్ని అమైన్లు లొంగవు. మొదటి తొట్టి దాటగానే నీరు తేటగా కనిపిస్తుంది కనుక, అక్కడితో పని ముగిసిందనుకోవడమే అసలు ప్రమాదం.

రైతుకు సంబంధించిన సంగతి మరొకటుంది. రియాక్టివ్ రంగులు నూలుకు పట్టేందుకు తొట్టిలో ఉప్పు దండిగా వేస్తారు. ఆ ఉప్పును ఏ బ్యాక్టీరియా తినదు. తేటపడిన నీటిని పొలానికి పారించే ముందు రంగును కాక, లవణాల శాతాన్ని పరీక్ష చేయించాలి.