పిలిస్తే పలికే ప్రింటరు

జూబ్లీహిల్స్ ఇళ్లలో కింద ఆఫీసు, పైన కాపురం మామూలే. రౌటరు పైన ఉంటుంది, ప్రింటరు కింద. రచయిత ఫోన్లో సీన్ పేపరు సిద్ధంగా ఉంటుంది, కోడైరెక్టరు లొకేషన్‌కు బయల్దేరబోతుంటాడు, అప్పుడే తెర మీద ‘ప్రింటర్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. ఫిల్మ్‌నగర్ జిరాక్స్ షాపుకు పంపిద్దామంటే సీను బయటికి పొక్కుతుందేమోనని భయం. ప్రింటరేమో దీపం వెలిగించుకుని ఎదురుగానే కూర్చుని ఉంటుంది. ఈ యంత్రానికి తీగ తీసేయడం పెద్ద పని కాలేదు. దానికీ ఫోనుకీ పరిచయం కలపడానికే ఏళ్లు పట్టింది.

నిజానికి కథ మొదలైందే తీగ లేకుండా. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. దాని పేరు అలోహానెట్. అందరికీ ఒకటే రేడియో దారి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పాడవుతుంది. అప్పుడు ఎవరికి వారు తోచినంతసేపు ఆగి మళ్లీ పంపాలి. నియమం ఇంతే.

అదే రోజుల్లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో గ్యారీ స్టార్క్‌వెదర్ లేజర్ ప్రింటరు తయారుచేశాడు. అది సెకనుకో పేజీ అచ్చువేయగలదు. అంత వేగంగా దానికి పేజీలు అందించే దారే లేదు. ఆ దారి వేసే పని బాబ్ మెట్‌కాఫ్ మీద పడింది. ఆయన అలోహానెట్ నియమానికి మెరుగులు దిద్ది కేబుల్లోకి దించాడు, 1973 మే నెలలో దానికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. మన వీధి చివరి జిరాక్స్ షాపుకు పేరిచ్చిన కంపెనీలోనే, ఒక ప్రింటరు ఆకలి తీర్చబోయి, ఆఫీసు నెట్‌వర్కు పుట్టిందన్నమాట. 1997లో వైఫైకి తొలి ప్రమాణం వచ్చాక ఆ నియమమే మళ్లీ గాల్లోకెక్కింది. రోడ్ నంబర్ 36 పక్క అపార్ట్‌మెంట్లో ఎన్ని రౌటర్లున్నా, మాట్లాడే ముందు ప్రతిదీ చెవొగ్గి విని, దారి ఖాళీ లేకపోతే కాసేపు ఆగుతుంది.

జూబ్లీహిల్స్ కొండల మీద ఇంకో చిక్కుంది. కింద 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. దాన్ని తొలిచి, ఏటవాలులో అంతస్తులు దించి కట్టిన ఇళ్లు. బండను గోడలో భాగంగా అలాగే వదిలేసినవాళ్లూ ఉన్నారు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. 5 గిగాహెర్ట్జ్ తరంగం అందులో సగమే ఉంటుంది. వేగం ఎక్కువ, గోడలు దాటే సత్తా తక్కువ. చవక ప్రింటర్లలో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు కాబట్టి 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు వాటి జాబితాలోనే కనిపించదు. వచ్చేపోయేవాళ్ల కోసం పెట్టే గెస్ట్ వైఫై మరో తలనొప్పి. అందులో చేరిన ఫోన్లను రౌటరు మామూలుగా ఇంట్లోని పరికరాల దగ్గరికి పోనివ్వదు. కొత్తగా చేరిన అసిస్టెంట్ డైరెక్టరుకు గెస్ట్ పాస్‌వర్డ్ ఇచ్చేదీ మనమే, ప్రింట్ తేలేదని కోప్పడేదీ మనమే.

ఇక పరిచయం సంగతి. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ధర దాదాపు 7,000 డాలర్లు. అంత ఖరీదైనదాన్ని నలుగురూ పంచుకోక తప్పదు గనక ఆపిల్‌టాక్ అనే ఏర్పాటు చేశారు. తెర మీద ప్రింటర్ల పేర్లు వరసగా కనిపించేవి, కావాల్సింది నొక్కడమే. తర్వాత లోకమంతా ఇంటర్నెట్ పద్ధతికి మారింది, ఆ సుఖం పోయింది, అంకెల చిరునామాలు టైపు చేయాల్సి వచ్చింది. పాత సౌకర్యాన్ని కొత్త పద్ధతిలోకి తేవాలని స్టువర్ట్ చెషైర్ పట్టుబట్టాడు. ఆయన కృషి ఫలితమే 2002లో ఆపిల్ ‘రాందేవూ’ పేరుతో తెచ్చిన ఏర్పాటు. 2005లో దాని పేరు ‘బాంజూర్’గా మారింది.

అది పనిచేసే తీరు చూడండి. మీరు ‘ప్రింట్’ నొక్కగానే ఫోను 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు ఒక కేక వేస్తుంది: ఇక్కడ ప్రింటర్లు ఎవరైనా ఉన్నారా? ఆ కేక ఇంటి నెట్‌వర్కులో అందరికీ వినిపిస్తుంది. టీవీ పలకదు, ఫ్రిజ్ పలకదు. ప్రింటరు మాత్రం తన పేరు, చిరునామా, ఏ ద్వారం గుండా రావాలో (సాధారణంగా 631), రంగులు వేయగలదా, రెండువైపులా అచ్చువేయగలదా అన్నీ చెప్పేస్తుంది. మధ్యవర్తి ఎవరూ లేరు. పాత కంప్యూటర్లతోనే పేచీ. అవి మొదటిరోజు గుర్తుపెట్టుకున్న అంకెల చిరునామాకే అతుక్కుపోతాయి. కరెంటు పోయి వచ్చాక రౌటరు ప్రింటరుకు వేరే అంకె ఇచ్చిందంటే పాత తలుపే కొడుతూ కూర్చుంటాయి. రౌటరు సెట్టింగుల్లో ప్రింటరుకు ఒక చిరునామా శాశ్వతంగా కేటాయిస్తే ఆ గొడవ వదులుతుంది.

2010 నవంబరులో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ వచ్చింది, డ్రైవర్ల సీడీల అవసరం తగ్గింది. 2013లో కానన్, హెచ్‌పీ, శాంసంగ్, జిరాక్స్ కలిసి అలాంటి సౌకర్యం కోసమే మోప్రియా సంఘం పెట్టాయి, అదే ఏడాది ఆండ్రాయిడ్ 4.4లో ప్రింటింగ్ ఏర్పాటు వచ్చింది. గూగుల్ క్లౌడ్ ప్రింట్ వేరే దారి పట్టింది: పక్కగదికి వెళ్లాల్సిన కాగితం గూగుల్ సర్వర్ల దాకా వెళ్లి తిరిగొచ్చేది. 2020 చివర్లో దాన్ని మూసేశారు. కథ గుట్టు కాపాడుకునేవాళ్లకు ఇంటి గడప దాటని పద్ధతే మేలు.

తెలుగుకు ఇందులో కలిసొచ్చింది ఒకటుంది. ఈ కొత్త పద్ధతిలో ప్రింటరుకు తెలుగు రానక్కర్లేదు. గుణింతం, ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ఫోనే తేల్చి, పేజీని బొమ్మగా మార్చి పంపిస్తుంది. డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్లలో టైపు చేసిన ఫైలు ఆ ఫాంటు లేని ఫోన్లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. ప్రింటరు ఆ పిచ్చినే శ్రద్ధగా అచ్చువేస్తుంది. అందుకే డీటీపీ చేసినవారిని పీడీఎఫ్ అడగాలి, అందులో ఫాంటు కూడా కలిసి వస్తుంది. బొమ్మగా పంపడంలో బరువు ఎక్కువ. అంగుళానికి 600 చుక్కల లెక్కన ఒక ఏ4 పేజీ సుమారు మూడున్నర కోట్ల చుక్కలు. అన్నీ విడివిడిగా పంపరు. వరసగా తెల్లచుక్కలు వస్తే ‘తెలుపు, ఇన్నిసార్లు’ అని కుదించి చెబుతారు. మన సీన్ పేపరులో ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగు, నడుమ బోలెడంత ఖాళీ. ఆ ఖాళీ వల్లే హీరో ఫొటో కన్నా అతని డైలాగు ముందు బయటికొస్తుంది.