ఒకే సర్వరు.. వేల దరఖాస్తులు.. ఎవరివి వారికే!

రాజమహేంద్రవరం: ఇంజినీరింగ్ సీటుకు ర్యాంకు ఎంత ముఖ్యమో వెబ్ ఐచ్ఛికాల క్రమమూ అంతే ముఖ్యం. 2021లో ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా విద్యార్థుల్లో ఆ బెంగ మారలేదు. అమలాపురంలో ఒకరు, తణుకులో మరొకరు ఒకే క్షణంలో 'సేవ్' నొక్కితే జాబితాలు కలిసిపోవా? కలవవు. అయితే ఒకే కంప్యూటరు వద్ద కూర్చున్న ఇద్దరు మిత్రులకు మాత్రం ఆ ముప్పు లేకపోలేదు.

చెప్పుల స్టాండు సూత్రమే

వెబ్ సర్వరుకు జ్ఞాపకశక్తి ఉండదు. హెచ్‌టీటీపీ నియమాల ప్రకారం ప్రతి అభ్యర్థనా దానికి కొత్తదే. కంప్యూటరు చిరునామాతో గుర్తిద్దామన్నా కుదరదు. నెట్ సెంటరులోని కంప్యూటర్లన్నీ సాధారణంగా ఒకే ఐపీ చిరునామాతో బయటికి వెళ్తాయి. అందుకే లాగిన్ కాగానే సర్వరు ఊహకందని పొడవైన సంఖ్య ఒకటి ఇస్తుంది. బ్రౌజరు దానిని 'కుకీ'గా దాచుకుని ప్రతిసారీ చూపిస్తుంది. నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లీ 1994లో రూపొందించిన పద్ధతి ఇది. గుడి ముందు చెప్పుల స్టాండులో ముఖం చూడరు, టోకెనే చూస్తారు. ఇక్కడా అంతే.

ఒకేసారి వచ్చిన అభ్యర్థనలను సర్వరు దేనికదిగా నడిపిస్తుంది. ఒకరి వివరాలు ఉంచిన జాగాను మరొకరికి వాడదు. ప్రోగ్రాము రాసినవారు విద్యార్థి సంఖ్యను అందరికీ ఉమ్మడిగా ఉండే చోట పెడితే మాత్రం తారుమారు తప్పదు. పరీక్షించేటప్పుడు ఒక్కరే వాడతారు గనుక ఈ లోపం బయటపడదు, రద్దీ రోజునే పడుతుంది.

చిక్కు ఎక్కడంటే..

ఒకే బ్రౌజరులోని ట్యాబులన్నింటికీ కుకీ ఒక్కటే. మొదటి విద్యార్థి లాగౌట్ కాకుండానే రెండోవారు పక్క ట్యాబులో లాగిన్ అయితే పాత టోకెను స్థానంలో కొత్తది చేరుతుంది. మొదటి ట్యాబులో తన పేరే కనిపిస్తున్నా, అక్కడ 'సేవ్' నొక్కితే జాబితా రెండోవారి ఖాతాకు చేరవచ్చు. జాగ్రత్తగా కట్టిన సైట్లు ప్రతి ఫారంలోనూ కనిపించని సంఖ్య ఒకటి ఉంచి, అది సరిపోలకుంటే తిరస్కరిస్తాయి. అన్ని సైట్లలో ఆ ఏర్పాటు ఉండదు.

కాబట్టి ఒకరు లాగౌట్ అయ్యాకే మరొకరు కూర్చోవాలి, లేదా వేరే బ్రౌజరు వాడుకోవాలి. పని పూర్తయ్యాక మళ్లీ లాగిన్ అయి, జాబితాను హాల్‌టికెట్ సంఖ్యతో సరిచూసి ప్రింటు తీసుకోవాలి. తేడా కనిపిస్తే మార్పులకు ఇచ్చిన గడువులోగానే సరిదిద్దుకోవాలి.