మాటకు పదును

బాలలూ! మన అనంతపురం జిల్లాలో వేరుసెనగ విత్తడం మీరు చూచే ఉంటారు. ఎండిన నేలలో విత్తితే గింజ మొలవదు. వాన కురిసి, నేల పదునైనప్పుడే రైతు గొర్రు కడతాడు. పదునుండీ విత్తకపోతే మొలిచేది కలుపే! రెండూ కలిసి రావాలి. ఈ సంగతి జ్ఞాపకముంచుకోండి.

నాతోపాటు పాఠాలు చెప్పిన తెలుగు పంతులుగారొకరున్నారు. ఒకనాడు ఆయన చెంబు చేత పట్టుకొని, "అదే... నీళ్ళు తాగేది..." అని ఆగిపోయారు. వస్తువు తెలుసు, పేరు రాదు. మనవడు పకపక నవ్వాడు. ఆనాటి నుండి ఆయన మాట్లాడటమే తగ్గించారు.

అది పరాకు కాదు, జబ్బు. మెదడులో మాటలకు ఆధారమైన భాగాలు, సాధారణంగా ఎడమవైపువి, కొద్దికొద్దిగా క్షీణిస్తాయి. 1982లో అమెరికాలో మెసులమ్ అనే వైద్యుడు ఇట్టి రోగులు ఆరుగురిని గురించి వ్రాశారు. దీనిని నయంచేసే మందు ఇంకా లేదు.

మరి ఉపాయమేమిటి? బొమ్మ చూపి, పేరు చెప్పించి, వ్రాయించే అభ్యాసం ఒకటి. దానికి తోడుగా తలపై తడి స్పాంజి మెత్తనుంచి, 20 నిమిషాలపాటు 2 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు పంపుతారు. అది చాలా స్వల్పం. మాటలను అది లోపల పెట్టదు. నరాల కణాలు అభ్యాసాన్ని అందుకొనేందుకు సిద్ధమవుతాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అదే పదును!

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంవారు 36 మందిని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఒక విడత నిజంగా విద్యుత్తు పంపారు, మరొక విడత పంపినట్లు నటించారు. అభ్యాసం మాత్రం రెండుసార్లూ ఉంది. విద్యుత్తు తోడైనప్పుడు మాటలు మెరుగుగా వచ్చాయి, రెండు నెలల తరువాత కూడా నిలిచాయి. అయినా ఇది రోగాన్ని పోగొట్టే చికిత్స కాదు, కొన్ని మాటలను మరికొంతకాలం నిలిపే ప్రయత్నం.

జాగ్రత్త! బ్యాటరీ, తీగలు తెచ్చి ఇంట్లో ఎవరి తలకూ పెట్టకండి. అది వైద్యుల పని. హైదరాబాదు నిమ్స్‌లోనూ, మనకు దగ్గరగా బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ ఇట్టి జబ్బులు చూచే వైద్యులున్నారు.

మీ పని వేరే ఉంది. ఆ మనవడిప్పుడు రోజూ సాయంత్రం బొమ్మల పుస్తకంతో తాత పక్కన కూర్చుంటాడు. మాట రాకపోతే తొందరపెట్టడు, కాచుకొని ఉంటాడు. మొన్న ఆయన "చెంబు" అన్నారు. రేపు మళ్ళీ మరవవచ్చు. అయినా వాడు నవ్వడు, ఆ పుట మళ్ళీ తెరుస్తాడు.